మారుపేరుకు సమాధి ఎక్కడ?

పటాన్‌చెరు దాటి భానూరు వైపు వెళ్తే క్షిపణులు తయారుచేసే బీడీఎల్ ఉంది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం. ఈ చుట్టుపక్కలే ఉంటాను కాబట్టి పేపర్లో 'వలపు వల' అన్న మాట కనబడితే చదవకుండా వదలను. 2022 జూన్‌లో హైదరాబాద్‌లో రక్షణ పరిశోధనశాల కాంట్రాక్టు ఇంజనీరు ఒకరు అరెస్టయినప్పుడూ అదే మాట. రహస్యాలు చేరవేశాడన్న అభియోగం మగవాడి మీద. చర్చంతా ఫేస్‌బుక్‌లోని ఒక ఆడపేరు మీద. ఆ పేరు వెనక ఆడమనిషి ఉందన్న నమ్మకం కూడా లేదు!

ఈ వరసకు మూలపుటమ్మగా చూపేది మాతా హరిని. అది మలయ్ మాట, సూర్యుడని అర్థం. మన మాతకూ హరికీ సంబంధం లేదు. అసలు పేరు మార్గరెటా జెల్లె, 1876లో హాలండ్‌లో పుట్టింది. సైనికాధికారి భర్తతో జావా వెళ్లింది, దెబ్బలు తిన్నది, విడిపోయింది. కూతురు దక్కలేదు. 1905లో పారిస్‌లోని గిమె మ్యూజియంలో నాట్యానికి దిగి, దక్షిణ భారతంలో గుడి నర్తకి కడుపున పుట్టానని చెప్పుకుంది. నాకు మింగుడుపడనిది ఇదే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ సంస్కర్తలు భోగం మేళాల మీద విరుచుకుపడుతున్నారు. 1947లో మద్రాసు చట్టం వచ్చేదాకా అది సాగింది. మన కళావంతులకు మచ్చ అయిన పుట్టుక ఆమెకు అక్కడ టిక్కెట్లు అమ్మిపెట్టింది.

జర్మన్ల దగ్గర డబ్బు తీసుకున్నానని ఆమె ఒప్పుకుంది. అయితే యాభైవేల మంది సైనికుల చావుకు కారకురాలన్న నిందకు రుజువు ఎక్కడ? 1917లో ఫ్రెంచి సైన్యంలో తిరుగుబాట్లు లేచాయి, ఓటమికి ఎవరో ఒకరు దొరకాలి. తలుపులు మూసి విచారించి, అక్టోబరు 15న వాన్సెన్‌లో కాల్చేశారు. చాలామంది మగవాళ్లతో తిరిగిన ఆడది దేశాన్ని మాత్రం అమ్మదా అన్నదే అక్కడ బలమైన సాక్ష్యంలా కనిపిస్తుంది. శవం కోసం ఎవరూ రాలేదు, వైద్య విద్యార్థుల కోతకు పోయింది. తలను పారిస్‌లోని శరీరశాస్త్ర మ్యూజియంలో దాచారు. అదీ మాయమైందని 2000లో తేలింది. ఇక సమాధి ఎక్కడ వెతకాలి?

తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకు ఉత్తరాలు, తిండి, పోలీసుల జాడ అందించినవాళ్లలో ఎందరో ఆడవాళ్లు. దాన్ని మనం గూఢచర్యం అనం. నిజాం పోలీసులు అనే ఉంటారు. అజ్ఞాతంలో రాజక్క అయిన మల్లు స్వరాజ్యం తలకు పదివేల రూపాయల వెల కట్టారు. 1951లో పోరాట విరమణ తర్వాత ఆమె సొంత పేరుతో బతికింది, తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయింది. 2022 మార్చి 19న పోయింది. ఆమెకూ సమాధి లేదు. దేహాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇచ్చారు. అక్కడికి అది అడిగేవాళ్లు లేని శవంగా వెళ్లలేదు. వందలమంది వెంట నడవగా, స్వరాజ్యం అన్న పేరుతోనే వెళ్లింది.