డాలరు జీతానికి నలభై ఐదేళ్లు

ఓక్‌విల్‌లో స్థిరపడ్డ మన కుటుంబాల్లో బేస్‌బాల్ ప్రస్తావన వస్తే ముందు వినిపించేది పక్కనే ఉన్న టొరంటో జట్టు బ్లూ జేస్ పేరు. 1992 అక్టోబర్‌లో ఆ జట్టు తొలి వరల్డ్ సిరీస్ గెలిచింది. చివరి ఆటలో, 11వ ఇన్నింగ్స్‌లో, ఒకే దెబ్బకు రెండు పరుగులు రాబట్టిన డేవ్ విన్‌ఫీల్డ్‌కు అప్పటికి 41 ఏళ్లు. అదే విన్‌ఫీల్డ్ కాలేజీ కుర్రాడిగా ఓడిపోయిన ఒక ఆట ఉంది. ఆ ఆటలో అవతలి జట్టు కోచ్ రాడ్ డెడో.

అది 1973, ఒమాహా నగరం, కాలేజ్ వరల్డ్ సిరీస్ సెమీఫైనల్. మిన్నెసోటా తరఫున బంతి విసురుతున్న విన్‌ఫీల్డ్ ఎనిమిది ఇన్నింగ్స్‌లలో ప్రత్యర్థులకు ఒకే ఒక్క హిట్ ఇచ్చాడు. స్కోరు 7-0. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అంటే యూఎస్‌సీ జట్టుకు మిగిలింది మూడే మూడు అవుట్లు. అక్కణ్నుంచి డెడో కుర్రాళ్లు ఒక్కొక్కరే బేస్ ఎక్కడం మొదలుపెట్టారు. అలసిపోయిన విన్‌ఫీల్డ్‌ను అవుట్‌ఫీల్డ్‌కు పంపారు. అక్కడ నిలబడి మిగతాదంతా చూశాడు. యూఎస్‌సీ 8-7తో గెలిచింది. టోర్నీలో అత్యుత్తమ ఆటగాడి బహుమతి మాత్రం ఓడిన విన్‌ఫీల్డ్‌కే దక్కింది. దక్కాల్సిందే.

యూఎస్‌సీ గెలుపును అదృష్టం అంటే నేను ఒప్పుకోను. 1970 నుంచి 1974 దాకా వరుసగా ఐదేళ్లు ఛాంపియన్‌గా నిలిచిన జట్టు అది. కాలేజీ కోచ్‌కు ఆటగాళ్లు చేతిలో నిలవరు. మూడో ఏడు పూర్తయినా, 21 ఏళ్లు నిండినా ప్రొఫెషనల్ జట్లు వాళ్లను ఎగరేసుకుపోవచ్చు. ఏటా కొత్త కుర్రాళ్లను వెతుక్కోవాలి, మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. అలాంటి చోట ఐదేళ్లు వరుసగా గెలవడం ఎంత కష్టమో ఆలోచించండి.

డెడో 1914లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో పెరిగారు. యూఎస్‌సీలోనే ఆడారు. 1935లో బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున రెండంటే రెండు ఆటలు. తర్వాత వెన్ను దెబ్బ ఆయన్ను మైదానం నుంచి తప్పించింది. లారీల వ్యాపారం పెట్టుకున్నారు. 1942లో కోచ్ శామ్ బ్యారీ నౌకాదళంలోకి వెళ్లడంతో జట్టు ఆయన చేతికొచ్చింది. యుద్ధం ముగిసి బ్యారీ తిరిగొచ్చాక ఇద్దరూ కలిసే నడిపించారు. 1948లో కాలేజ్ వరల్డ్ సిరీస్ ఫైనల్లో యేల్‌ను ఓడించారు. అప్పటి యేల్ కెప్టెన్, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జార్జ్ బుష్ సీనియర్. 1950లో బ్యారీ చనిపోయాక 1986 దాకా బాధ్యతంతా డెడోదే. మొత్తం 11 టైటిళ్లు, 1,332 విజయాలు.

జీతం? ఏడాదికి ఒక డాలరు. ఇల్లు లారీల మీద గడిచేది. మేజర్ లీగ్ జట్లు పిలిచినా వెళ్లలేదు. నాకు ఆయన గెలుపులకన్నా ఈ నిర్ణయమే పెద్దదిగా కనిపిస్తుంది. ఎవరిని కలిసినా ‘టైగర్’ అనే పలకరించేవారు. తప్పు రెండోసారి కాదు, మొదటిసారే చేయకూడదని కుర్రాళ్లకు నూరిపోసేవారు. టామ్ సీవర్ అనే కుర్రాడు స్కాలర్‌షిప్‌కు తగినవాడో కాదో తేల్చుకోవడానికి ముందు అతన్ని అలాస్కాలోని వేసవి జట్టుకు పంపి చూశారు. తర్వాత మేజర్ లీగ్ తారలైన ఆ సీవర్, ఫ్రెడ్ లిన్, మార్క్ మెక్‌గ్వైర్, ర్యాండీ జాన్సన్ అందరూ ఆయన దగ్గర ఆడినవాళ్లే.

1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా బేస్‌బాల్ ఆడించారు. కెనడాతో కలిపి ఎనిమిది జట్లు. డెడో నడిపిన అమెరికా, సొంత ఊళ్లో, ఫైనల్లో జపాన్ చేతిలో 6-3తో ఓడింది.

2006 జనవరిలో డెడో కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ విసిరే కుర్రాళ్లు పిచింగ్ నేర్చుకోవడానికి యూఎస్‌సీకి వెళ్లారు. వాళ్లకు నేర్పిన టామ్ హౌస్ ఒకప్పుడు డెడో జట్టులో పిచ్చర్. ఆ ఏడాది నవంబర్‌లోనే మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లిద్దరితో ఒప్పందం చేసుకుంది.