బూట్ డిస్కు, బహుళ స్థాపన, తెలుగు లిపి: ఒక చారిత్రక పరిశీలన

తెలుగు కంప్యూటర్ చరిత్ర అనగానే ఖతులు, కీబోర్డులు, యూనికోడ్ చర్చకు వస్తాయి. ఒక ఖతి విద్యాసంస్థల ప్రయోగశాలలోని ముప్పై యంత్రాలలోకి ఏ దారిన చేరింది, కొన్నిచోట్ల ఎందుకు చేరలేదు అన్న ప్రశ్న అంతగా రాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అనేక యంత్రాలలో ఒకేసారి స్థాపించే పద్ధతుల చరిత్రలో దానికి కొంత సమాధానం ఉంది.

విండోస్ 95 ఫ్లాపీల రూపంలో 13 డిస్కులుగా వచ్చింది. ముప్పై యంత్రాలలో ఒక్కొక్కదానికీ విడిగా ఎక్కించాలంటే 390 సార్లు డిస్కు పెట్టవలసిందే. ఈ శ్రమను తప్పించిన సాధనం నెట్‌వర్క్ బూట్ డిస్కు. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో డాస్ మూల ఫైళ్లు, నెట్‌వర్క్ కార్డు డ్రైవరు, సర్వరుతో సంబంధం కలిపే చిన్న ప్రోగ్రాములు ఇమిడేవి. యంత్రం ఆ ఫ్లాపీతో మొదలై, సర్వరులోని ఫోల్డరును తన సొంత డ్రైవుగా గుర్తించి, అక్కడి నుంచి స్థాపనను ప్రారంభించేది. కార్డు మారితే డ్రైవరూ మారాలి గనుక ఒక్కో రకం కార్డుకు ఒక్కో ఫ్లాపీని సిద్ధం చేసుకోవలసి వచ్చేది. ఫ్లాపీ చెడిపోతే పని మళ్లీ మొదటికే.

1995లో న్యూజీలాండ్‌కు చెందిన బైనరీ రీసెర్చ్ సంస్థలో ముర్రే హాజర్డ్ రూపొందించిన ఘోస్ట్ మరో మార్గం చూపింది. ఒక యంత్రాన్ని సంపూర్ణంగా సిద్ధపరచి, దాని డిస్కు ప్రతిబింబాన్ని మిగిలినవాటిపై దింపడం దీని పద్ధతి. 1998లో సిమాంటెక్ దీన్ని కొనుగోలు చేసింది. 1985 నాటి బూట్‌పీ, తరువాతి డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ నియమాల ఆధారంగా ఇంటెల్ ప్రకటించిన పీఎక్స్‌ఈ (1999, 2.1 ప్రతి) వల్ల క్రమంగా ఫ్లాపీ అవసరమే లేకపోయింది.

ఈ పద్ధతులన్నింటిలోనూ నిర్ణయం ఒక్కసారే జరుగుతుంది. మూల యంత్రంలో ఉన్నదే అన్నింటికీ వస్తుంది, లేనిది ఎక్కడికీ రాదు. తెలుగు విషయంలో ఇది కీలకం. విండోస్ 2000 దేవనాగరి, తమిళ లిపులను ఆదరించింది. తెలుగుకు అందులో చోటు లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. అయితే ఆంగ్ల ప్రతిలో భారతీయ లిపుల మద్దతు తనంతట తాను స్థాపితం కాదు. రీజనల్ సెట్టింగులలో ఒక గడిని గుర్తించి, మూల సీడీని మళ్లీ పెట్టాలి. స్వయంచాలిత స్థాపనలోనైతే జవాబు ఫైలులో లాంగ్వేజ్ గ్రూప్ 15 అని ఒక పంక్తి రాయాలి. ఆ ఒక్క పంక్తి మరచిన చోట ముప్పై తెరలపైనా తెలుగు పుటలు ఖాళీ చదరాలుగానే కనిపిస్తాయి. ప్రతిబింబం తప్పునూ నమ్మకంగా నకలు చేస్తుంది.

డీటీపీ కేంద్రాలలోని అను ఖతులకు ఈ ఇబ్బంది లేదు. అవి రోమన్ అక్షర స్థానాలలోనే తెలుగు రూపాలను నింపుకొన్నవి. ముద్రణరంగం యూనికోడ్‌కు ఆలస్యంగా మళ్లడానికి ఈ సౌకర్యాన్ని కూడా ఒక కారణంగా భావించవచ్చు.

ఈ అసమానత సరిహద్దు ప్రాంతాల నుంచి చూస్తే మరింత స్పష్టమవుతుంది. కామారెడ్డి జిల్లాలో 2022లో కొత్త మండలంగా ఏర్పడిన డోంగ్లి మహారాష్ట్ర సరిహద్దున ఉంది. తెలుగుతోపాటు మరాఠీ వినిపించే నేల అది. ఎక్స్‌పీ నాటికి ఉమ్మడి నిజామాబాదు జిల్లాలో భాగం. అటువంటి చోట విండోస్ 2000 యంత్రం ఉంటే, దానిలో భారతీయ లిపుల ఎంపిక చేసినప్పటికీ, పొరుగు భాష మరాఠీకి దారి ఉన్నది, రాష్ట్ర అధికార భాష తెలుగుకు లేదు. లిపుల వరుసను నిర్ణయించింది స్థానిక అవసరం కాదు, సాఫ్ట్‌వేర్ విడుదలల క్రమం.

దీనికి భిన్నమైన ప్రయత్నం స్వేచ్ఛ సంస్థది. 2005లో ఆ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెలువరించింది. తెలుగును తరువాత చేర్చుకోవలసిన అదనంగా కాక మూలంలోనే నిలపడం దాని ప్రత్యేకత. ఇటువంటి వ్యవస్థను నకలు చేసినప్పుడు తెలుగు కూడా వెంట వస్తుంది. బడి పిల్లల కోసం రూపొందించిన బాల స్వేచ్ఛ కూడా ఈ సంస్థదే.

మైక్రోసాఫ్ట్ వ్యవస్థలో ఆ గడి అవసరం విస్టాతో తొలగింది. కానీ ఎక్స్‌పీకి ఆ సంస్థ మద్దతు 2014 ఏప్రిల్ 8 వరకు కొనసాగింది.