బహిరంగ కారాగారాలు: శ్రమ నుంచి కుటుంబజీవనం వైపు

ఉపోద్ఘాతం

1894 నాటి కారాగార చట్టం నిర్బంధానికీ క్రమశిక్షణకూ ప్రాధాన్యమిచ్చింది. 1919-20 నాటి అఖిల భారత కారాగారాల సంఘం నేరస్థుని సంస్కరణను శిక్షాలక్ష్యంగా గుర్తించింది. గ్రామసీమల్లో, ఎత్తైన గోడలు లేని కారాగారాల్లో ఈ ‘సంస్కరణ’కు లభించిన అర్థాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంస్కరణ అంటే శ్రమ

ఔంధ్ సంస్థానంలో ఆట్పాడి సమీపాన 1939లో మారిస్ ఫ్రీడ్‌మన్ ఆలోచనతో స్వతంత్రపురం ఏర్పడింది. అక్కడ ఖైదీలు కాపలా లేకుండా సేద్యం చేశారు. 1957లో శాంతారామ్ తీసిన ‘దో ఆంఖే బారహ్ హాథ్’ చిత్రానికి ఇదే ప్రేరణ. 1952లో ఉత్తరప్రదేశ్‌లో సంపూర్ణానంద్ చొరవతో చంద్రప్రభ నదిపై ఆనకట్ట పనికి ఖైదీల శిబిరం వెలసింది. 1956లో చుర్క్ సిమెంటు కర్మాగారానికి రాయి తీసేందుకు ఘుర్మాలో మరొకటి ఏర్పడింది. ఖైదీలకు కూలి ముట్టింది. అయితే శిబిరం ఎక్కడ ఉండాలో నిర్ణయించింది పని అవసరమే.

తెలుగునాట 1954లో మౌలాలిలోనూ, 1965లో అనంతపురం వద్దా ఇటువంటి కారాగారాలు ఏర్పడ్డాయి. ‘ఖైదీల వ్యవసాయ క్షేత్రం’ అన్న పేరే వాటి స్వభావాన్ని తెలుపుతుంది. ఖైదీ సేద్యగాడయ్యాడు, భూమి, పంట మాత్రం ప్రభుత్వానివే.

సంస్కరణ అంటే కుటుంబం

సంపూర్ణానంద్ రాజస్థాన్ గవర్నరుగా ఉన్న కాలంలోనే, 1963లో, జైపూర్ సమీపాన సాంగానేర్ శిబిరం ప్రారంభమై ఆయన పేరును ధరించింది. ఇక్కడ ఖైదీ భార్యాబిడ్డలతో నివసిస్తాడు; పగలు బయట తనకు నచ్చిన పని చేసుకుని ఇల్లు గడుపుతాడు; హాజరు వేళకు తిరిగివస్తాడు. శిబిర వ్యవహారాల్లో ఖైదీల పంచాయతీకీ పాత్ర ఉంది. క్షేత్రంలో ఖైదీ శ్రామికుడైతే, సాంగానేర్‌లో గృహస్థుడు. విడుదలైననాడు మొదటివాడు కొత్తగా బతుకు వెతుక్కోవాలి. రెండవవాడు సాగుతున్న బతుకునే కొనసాగిస్తాడు.

ముగింపు

రాజస్థాన్ 1972 నిబంధనల ప్రకారం శిక్షాకాలంలో మూడోవంతు పూర్తిచేసినవారే బహిరంగ శిబిరానికి అర్హులు. అంటే ముందుగా మూసిన కారాగారంలో విశ్వాసం సంపాదించాలి. ముల్లా సంఘం (1980-83) బహిరంగ కారాగారాల విస్తరణను సిఫారసు చేసింది. 2024లో సర్వోన్నత న్యాయస్థానం సైతం ఈ అంశాన్ని పరిశీలనకు చేపట్టింది. విస్తరణ కోరేటప్పుడు సంఖ్యతోపాటు నమూనాను కూడా ప్రశ్నించాలి. పొలాన్ని మాత్రమే అప్పగించే విశ్వాసం సగం విశ్వాసం. ఇంటిని కూడా అప్పగించినప్పుడే అది పునరావాసమవుతుందని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.