కమాండ్ లైన్‌లో అసాధారణ ఫైలు పేర్లు

స్పేస్, నక్షత్రం గుర్తు, మొదట్లో హైఫన్, కంటికి కనిపించని సంకేతం వంటివి ఉండటం వల్ల కమాండ్ లైన్ ప్రోగ్రాములు తప్పుగా అర్థం చేసుకునే వీలున్న పేర్లను అసాధారణ ఫైలు పేర్లు అంటారు. యూనిక్స్, లినక్స్ వ్యవస్థల్లో ఫోల్డర్లను వేరుచేసే స్లాష్, సున్నా విలువ గల బైటు తప్ప తక్కినవన్నీ, చివరికి కొత్త పంక్తి గుర్తు సైతం, ఫైలు పేరులో చేరవచ్చు.

జాగ్రత్తలు

టైపు చేసిన ఆదేశాన్ని ముక్కలుగా విడగొట్టి ప్రోగ్రాముకు అందించేది షెల్. నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ తిరునాళ్ల ఫొటోకు "కోటప్పకొండ ప్రభలు" అని పేరుంటే, కొటేషన్ గుర్తులు లేనప్పుడు షెల్ దాన్ని రెండు పేర్లుగా చీలుస్తుంది. అప్పుడు ఫైళ్లను తొలగించే ఆర్‌ఎం ఆదేశం, "ప్రభలు" అనే వేరే ఫైలు అక్కడుంటే దాన్ని చెరిపివేస్తుంది. అందువల్ల పేరునూ, బ్యాష్ అనే షెల్ స్క్రిప్టుల్లో పేరును దాచిన చలరాశినీ జంట కొటేషన్లలో ఉంచాలి. హైఫన్‌తో మొదలయ్యే పేరును ప్రోగ్రాములు తమ పనితీరును మార్చే సూచనగా తీసుకుంటాయి కాబట్టి, దాని ముందు "./" చేర్చడం గానీ, సూచనలు ముగిశాయని తెలిపే "--" రాయడం గానీ చేయాలి. అనేక ఫైళ్లను ఫైండ్ ఆదేశం ద్వారా వెతికి, ఆ పేర్లను మరో ఆదేశానికి చేరవేసే ఎక్స్‌ఆర్గ్స్‌కు అందించేటప్పుడు, ఏ పేరులోనూ ఉండలేని సున్నా బైటుతోనే పేర్లను వేరుచేయడం క్షేమకరం; ఈ పద్ధతి 2024లో యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్‌లో చేరింది.

తెలుగు పేర్లు

కోటప్పకొండ అనే పేరు చూపుకు ఐదక్షరాలే అయినా యూనికోడ్‌లో 10 సంకేతాలు, ఒక్కొక్కటి 3 బైట్ల చొప్పున యూటీఎఫ్-8లో 30 బైట్లు అవుతుంది. ఈఎక్స్‌టీ4 ఫైలు వ్యవస్థలో పేరుకు 255 బైట్లే హద్దు కావడంతో 85 తెలుగు సంకేతాలకు మించి పట్టవు. "శైవం" వంటి పేరులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది గుర్తు కలిసిన రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరపై ఒకటిగానే కనిపించే ఈ రెండింటినీ లినక్స్ సాధారణంగా వేర్వేరు ఫైళ్లుగా పరిగణిస్తుంది. పొల్లు తరువాతి హల్లుతో కలవకుండా ఆపే అదృశ్య సంకేతం వల్ల కూడా ఇదే చిక్కు వస్తుంది. ప్రోగ్రాముల మార్పుచేర్పులను భద్రపరిచే గిట్, మామూలు అమరికలో "క"ను \340\260\225 అని బైట్ల విలువలుగా చూపుతుంది. కోట్‌పాత్ అనే అమరికను ఆపివేస్తే పేరు తెలుగు లిపిలోనే కనిపిస్తుంది.