వైరస్ గుట్టు పరిమాణంలో లేదు, పుట్టుకలో ఉంది

వైరస్ అంటే బాక్టీరియా కన్నా బాగా చిన్నదైన క్రిమి అని మనలో చాలామంది అనుకుంటాం. 19వ శతాబ్దం చివర శాస్త్రజ్ఞులూ అలాగే అనుకున్నారు. ఆ ఊహ నుంచి బయటపడడానికి వాళ్లకు అరవై ఏళ్లు పట్టింది. వైరస్‌ను తక్కిన జీవరాశి నుంచి వేరు చేసేది పరిమాణం కాదు, అది తన లాంటి వాటిని పుట్టించుకునే తీరు. వైరాలజీ చరిత్రలోని మలుపులన్నీ ఈ ఒక్క సంగతినే కొంచెం కొంచెంగా తేటతెల్లం చేశాయని నా వాదన.

కథ పొగాకు ఆకుతో మొదలవుతుంది. మచ్చల తెగులు సోకిన ఆకు రసాన్ని ఆరోగ్యంగా ఉన్న మొక్కకు ఎక్కిస్తే దానికీ తెగులు వస్తుందని నెదర్లాండ్స్‌లో అడాల్ఫ్ మేయర్ 1886లో చూపించాడు. 1892లో రష్యన్ శాస్త్రజ్ఞుడు దిమిత్రీ ఇవానోవ్‌స్కీ ఆ రసాన్ని బాక్టీరియాను ఆపే పింగాణీ వడపోత గుండా పంపాడు. వడకట్టిన రసమూ తెగులు తెచ్చింది. వడపోతలో లోపముందేమో, లేదా ఇది బాక్టీరియా వదిలిన విషమేమో అని ఆయన సందేహించాడు. 1898లో మార్టినస్ బైజరింక్ ఆ సందేహాన్ని తీర్చాడు. విషమైతే మొక్క నుంచి మొక్కకు మారుతున్నకొద్దీ పలచబడి శక్తి కోల్పోవాలి, ఇది కోల్పోలేదు. అంటే పెరుగుతోంది. అదీ ఎదుగుతున్న మొక్క కణజాలంలోనే, విడిగా ఏ పోషక ద్రవంలోనూ కాదు. దాన్ని ఆయన ఒక జీవద్రవం అనుకోవడం పొరపాటే. కానీ కణం లేనిదే దానికి వృద్ధి లేదని పట్టుకోవడంలో తన కాలం కన్నా ముందున్నాడు. అదే ఏడాది పశువుల గాలికుంటు వ్యాధి కారకమూ వడపోతను దాటుతుందని కనుక్కున్న లోఫ్లర్, ఫ్రోష్ దాన్ని అతి చిన్న క్రిమిగానే భావించారు. చాలాకాలం వాళ్ల మాటే చెల్లింది.

క్రిమి అన్న ఊహకు మూల్యం 1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో తెలిసింది. ఇన్‌ఫ్లుయెంజాకు కారణం 1892లో ఫైఫర్ చూపిన బాక్టీరియానే అని చాలామంది వైద్యులు నమ్మారు, దాని మీదే టీకాలు తయారుచేశారు. ఒక్క భారతదేశంలోనే కోటి మందికి పైగా చనిపోయిన ఆ మహమ్మారికి అసలు కారకం వేరు. 1933లో లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా రోగుల గొంతు కడిగిన నీటిని వడకట్టి ఫెర్రెట్లు అనే చిన్న జంతువులకు ఎక్కించి, మనిషి ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను వేరుచేయగలిగారు.

కంటికి కనిపిస్తే చిక్కు విడిపోతుందని అనుకోవచ్చు. విడిపోలేదు. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు వైరస్‌ను స్ఫటికాలుగా రాబట్టి, ఇది ప్రోటీన్ అని ప్రకటించాడు. మరుసటి ఏడాదే బాడెన్, పిరీ అందులో కొద్దిపాటి ఆర్‌ఎన్‌ఏ కూడా ఉందని తేల్చారు. 1939లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద సన్నని కడ్డీలు కనిపించాయి. ఆకారం దొరికింది, అవి ఒకటి వేలుగా ఎలా మారుతున్నాయో మాత్రం ఏ ఫొటో చెప్పలేదు. చెప్పింది లెక్క. బాక్టీరియాను తినే వైరస్‌లను ఎలిస్, డెల్‌బ్రూక్ నిమిషాల వారీగా లెక్కించి, సంతతి ఒక్కసారిగా గుంపుగా బయటపడుతుందని 1939లో చూపారు. తర్వాత డోర్మన్ వైరస్ సోకిన కణాలను మధ్యలోనే పగలగొట్టి చూస్తే, తొలి నిమిషాల్లో సోకే వైరస్ ఒక్కటీ దొరకలేదు. లోపలికి వెళ్లిన వైరస్ కూడా లేదు! నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నింటికన్నా లోతైన ఫలితం ఇదే. బాక్టీరియా ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ఏ దశలోనూ అది మాయం కాదు. వైరస్ మాత్రం కణంలో అడుగుపెట్టాక వైరస్‌గా ఉండడం మానేస్తుంది. దాని తొడుగు విడిపోతుంది, జన్యుపదార్థం కణంలోని రైబోజోముల చేత తన ప్రోటీన్లు చేయించుకుంటుంది, విడివిడిగా తయారైన భాగాలు చివర్లో ఒకటిగా కూడుతాయి. బాక్టీరియాను తినే వైరస్‌లలో కణంలోకి వెళ్లేది ప్రధానంగా జన్యుపదార్థమైన డీఎన్‌ఏనే, ప్రోటీన్ చాలావరకు బయటే ఉండిపోతుందని 1952లో హెర్షీ, చేజ్ చూపారు. 1955లో ఫ్రాంకెల్-కాన్రాట్, విలియమ్స్ పొగాకు వైరస్ ప్రోటీన్‌నూ ఆర్‌ఎన్‌ఏనూ వేరుచేసి మళ్లీ కలిపితే, సోకే వైరస్ తిరిగి తయారైంది. ఏ క్రిమినీ విడదీసి ఇలా కూర్చలేం.

ఇదంతా తెలియకుండానే జెన్నర్ 1796లో మశూచికి, పాశ్చర్ 1885లో పిచ్చికుక్క కాటుకు టీకా దారి చూపలేదా అని అడగవచ్చు. చూపారు, వాళ్ల ఘనత కాదనలేనిది. కానీ ఆ దారి ప్రతి రోగానికీ సాగలేదు. 1949లో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ పోలియో వైరస్‌ను నాడీకణాలు కాని కణజాలాల్లో పెంచగలిగాకే పోలియో టీకా సాధ్యమైంది. తట్టు టీకా కూడా కణాల పెంపకం మీదే ఆధారపడింది. జలుబుకు యాంటీబయాటిక్ అడిగేవారికి జవాబూ ఇక్కడే ఉంది. పెన్సిలిన్ దెబ్బతీసేది బాక్టీరియా కణకవచాన్ని, మరికొన్ని మందులు బాక్టీరియా రైబోజోములను. వైరస్‌కు ఆ రెండూ లేవు. దాన్ని ఆపాలంటే అది పునరుత్పత్తి చేసుకునే మెట్లలో ఎక్కడో అడ్డుపడాలి. హెర్పిస్ మీద వాడే ఎసైక్లోవిర్ చేసేది అదే, వైరస్ డీఎన్‌ఏ అల్లికను మధ్యలో తెంచుతుంది.

పరిమాణానికి అసలు విలువే లేదా అంటే, పరిశోధకుడికి తొలి ఆనవాలుగా అది ఎంతో ఉపయోగపడింది, వడపోతే లేకపోతే ఈ శాస్త్రమే లేదు. నిర్వచనంగా మాత్రం అది నిలబడలేదు. 1992లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక కూలింగ్ టవర్ నీటిలోని అమీబాలో సాధారణ మైక్రోస్కోపుకే కనిపించేంత పెద్ద రేణువు దొరికింది. అంత పెద్దది కాబట్టి బాక్టీరియానే అనుకుని పక్కన పెట్టారు. 2003లో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞులు దాన్ని మిమివైరస్‌గా గుర్తించారు. అమీబాలోకి వెళ్లాక అదీ కొంతసేపు కనిపించకుండా పోయి, ఆ తర్వాతే కొత్త రేణువులుగా బయటికి వచ్చింది.