ఒక్క చెక్క ఎత్తాలి

గుడివాడలో వాన దంచేస్తోంది. ఆస్పత్రి వరండా నిండా తడి గొడుగులు. లోపల పెద్దాయన గడ్డం మిషను మీద ఆనించి కూర్చున్నాడు. నీలం వెలుగు కంటికి తగిలింది. డాక్టరమ్మ కొలిచింది. ఆగింది. మళ్లీ కొలిచింది.

"34."

కంటిలో ఒత్తిడి మామూలుగా 21 దాటకూడదు. ఆపరేషనై ఇది పదకొండో రోజు.

"నొప్పేం లేదమ్మా. నాగాయలంక నుంచి ఈ వానలో దేనికన్నాను. కోడలే బస్సెక్కించింది."

ఈ జబ్బుతో భయం ఇదే. కన్ను చెప్పదు. నీటికాసులు ఆయన ఎడం కన్నును సడీచప్పుడూ లేకుండా తినేశాయి. మిగిలింది ఇదొక్కటే.

"ఆపరేషన్ చెడిపోయిందా మేడం?" కోడలి గొంతు వణికింది.

"లేదమ్మా. తలుపు బిగుసుకుంది."

కంట్లో ఊరే నీరు పోయే దారి పూడిపోతే, పై రెప్ప చాటున తెల్లగుడ్డులో సన్నటి తలుపు కోసి కొత్త దారి వేస్తారు. ట్రాబెక్యులెక్టమీ. 1968లో కెయిర్న్స్ అనే ఇంగ్లండు వైద్యుడు లోకానికి చెప్పిన పద్ధతి. తలుపును వెంట్రుక కన్నా సన్నటి నైలాన్ దారంతో కుడతారు. వదులైతే నీరంతా జారి కన్ను మెత్తబడిపోతుంది. అందుకే ముందు బిగించి కుట్టి, తర్వాత అవసరాన్ని బట్టి ఒక్కో కుట్టూ లేజర్‌తో తెంపుతారు. ఆలస్యమైతే తలుపు చుట్టూ మచ్చ కట్టేస్తుంది. ఇక కుట్టు తెంపినా లాభముండదు.

పెద్దాయన తలూపాడు. పులిగడ్డ అక్విడెక్టు దాటి దివిసీమకు దిగే కాలవల మీద ముప్పై ఏళ్లు లస్కరు పని చేసిన మనిషి.

"తూముకి చెక్కలన్నీ దించేశారు. ఒకటెత్తాలి. అన్నీ ఎత్తితే గట్టు కొట్టుకుపోద్ది. అంతేగా?"

"అంతే పెద్దాయనా. కదలకుండా కూర్చోగలరా?"

చీకటి గది. తిమ్మిరి చుక్కలు. "కిందికి చూడండి." రెప్ప పైకెత్తి, చిటికెన వేలి గోరంత లెన్స్‌ను తెల్లగుడ్డు మీద అదిమేసరికి ఎర్రటి నరాలు రక్తం ఖాళీ అయి పాలిపోయి, ఉబ్బిన పొర పల్చబడి, దాని అడుగున అంతదాకా ఎవరికీ కనిపించని నల్లటి గీతొకటి మెల్లగా తేలింది.

కుట్టు.

టిక్. దారం తెగలేదు. అప్పుడే పెద్దాయనకు దగ్గు తన్నుకొచ్చింది.

డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసింది. కోడలు ఆయన భుజం పట్టుకుంది. "మావయ్యా, కాసేపు ఓర్చుకోండి." దగ్గు ఆగింది. మళ్లీ లెన్స్. మళ్లీ నల్లగీత. సెకనులో పదో వంతు వెలుగు.

టిక్. తెగిన కొసలు రెండూ ఎడంగా ముడుచుకున్నాయి.

రెప్ప చాటున పొర మెల్లగా ఉబ్బింది. నీరు కదిలింది. మళ్లీ నీలం వెలుగు. కోడలు ఊపిరి బిగబట్టింది.

"16."

ఎవరూ మాట్లాడలేదు. కిటికీ రేకు మీద వాన మోగుతోంది.

"ఇంకెన్ని చెక్కలున్నాయమ్మా?"

"ఒకటి. ఎత్తాలో వద్దో శుక్రవారం చూసి చెప్తాను. ఈలోగా కన్ను నలపొద్దు."

కోడలు మందుల చీటీ వెనక తేదీ రాసింది. పెద్దాయన గొడుగు అందుకుంటూ అడిగాడు: "శుక్రవారం మొదటి బస్సు ఎన్నింటికే?"