పటాలం నుంచి వచ్చిన పంతులు

సైన్యంలో పనిచేసి వచ్చినవాడు ఊళ్ళో ఏమవుతాడు? మా తరంలో దీనికి జవాబు వెతకక్కర్లేదు. బ్యాంకు గేటు దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చుంటాడు, లేదంటే కాలేజీలో సెక్యూరిటీ యూనిఫాం వేసుకుంటాడు. నేనూ పటాలం నుంచి తిరిగొచ్చి, బందరులో కొన్నాళ్ళు కాపలా ఉద్యోగం చేసినవాణ్ణే. పింగళి వెంకయ్య గారి మీద నాకు ఇంత గురి కుదరడానికి కారణం అదే. దేశమంతా ఆయన్ని జెండా మనిషిగా ఎరుగును. నేను మాత్రం ఆయన్ని మా జిల్లాకు చెందిన ఒక మాజీ సైనికుడిగానే మొదట తలుచుకుంటాను.

ఊరు భట్లపెనుమర్రు. కూచిపూడికి దగ్గరే, ఇప్పటి మొవ్వ మండలం. కరణీకం చేసే కుటుంబం. బందరులో హిందూ హైస్కూలు చదువు. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం. పంతొమ్మిదో ఏట వెళ్ళాడని అందరూ రాస్తారు గానీ ఆ లెక్క నాకు కుదరదు. ఆయన పుట్టింది 1876 ఆగస్టు 2న. కొందరు 1878 అంటారు. యుద్ధం మొదలైంది 1899 అక్టోబరులో. ఎలా చూసినా ఇరవై దాటినవాడే. తెలియక వెళ్ళిన కుర్రాడు కాదు, తెలిసి వెళ్ళిన మనిషి.

ఆ యుద్ధాన్ని తెల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ మధ్యనే ఉంచాలని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుబట్టింది. ఇండియా నుంచి ఓడలెక్కిన మనవాళ్ళలో చాలామంది గుర్రాలు చూసేవాళ్ళు, డోలీలు మోసేవాళ్ళు, వంటవాళ్ళు, చాకళ్ళు. అక్కడే స్థిరపడ్డ భారతీయుల్లో సుమారు 1,100 మందిని కూడగట్టి గాంధీ అంబులెన్స్ దళం నడిపాడు. 1900 జనవరిలో స్పియాన్ కాప్ కొండ దగ్గర క్షతగాత్రులను మోసింది ఆ దళమే. వెంకయ్య గారికి గాంధీతో పరిచయం కలిగింది ఆ దేశంలోనే. రోజూ పొద్దున్నే యూనియన్ జాక్‌కు సెల్యూట్ కొట్టవలసి రావడం ఆయన మనసులో ముల్లులా ఉండిపోయిందంటారు. సెల్యూట్ కొట్టిన చెయ్యి నాకూ ఉంది కాబట్టి ఆ మాట నమ్ముతాను. తనది కాని జెండాకు అలా నిలబడడం ఎంత కష్టమో ఊహించగలను.

తిరిగొచ్చాక రైల్వేలో గార్డు పని. ఆ తర్వాత బళ్ళారిలో ప్లేగు అధికారి. ఈ రెండో ఉద్యోగాన్ని అందరూ ఒక్క ముక్కలో చెప్పి దాటేస్తారు. నాకది పెద్ద సంగతి. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు రైలు మార్గాల వెంట దక్షిణానికి పాకింది. ఆ రోజుల్లో ప్లేగు ఉద్యోగి అంటే జనం తలుపులు వేసుకునేవారు. ఇళ్ళు ఖాళీ చేయించి ఊరి బయట పాకల్లోకి పంపాలి, గోడలకు సున్నం కొట్టించాలి, చచ్చిన ఎలుకల జాడ తీయాలి, రైలు దిగినవాళ్ళను ఆపి పరీక్ష చేయించాలి. మున్సిపాలిటీ చేసే పనంతా ఇందులోనే ఉంది. దండలూ సన్మానాలూ మాత్రం ఉండవు.

ఇక్కడ ఇంకో మాజీ సైనికుణ్ణి గురించి చెప్పుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధంలో గల్లిపోలిలో పోరాడి, మెసపొటేమియాలో గాయపడి, మేజర్ హోదాతో ఇల్లు చేరిన క్లెమెంట్ అట్లీ. 1919లో లండన్ రేవు పేటైన స్టెప్నీకి మేయరయ్యాడు. కూలీల ఇరుకు ఇళ్ళూ పారిశుద్ధ్యమూ చూసుకుంటూ రాజకీయం నేర్చుకున్నవాడు ఆ తర్వాత బ్రిటన్ ప్రధాని అయ్యాడు. మన బందరూ రేవే. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని పేటల పేర్లలోనే వచ్చిపోయిన తెల్లవాళ్ళ లెక్కంతా ఉంది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది పోయారు. ఆ తర్వాత రెండేళ్ళకు, 1866లో, మున్సిపాలిటీ వచ్చింది. మేయరు కుర్చీ వచ్చింది మాత్రం 2021లో. వెంకయ్య గారి కాలంలో మున్సిపల్ పదవులు ఎక్కువగా ప్లీడర్లవీ భూస్వాములవీ. పటాలం నుంచి వచ్చిన కరణం గారబ్బాయికి ఈ ఊరు ఇచ్చిన చోటు వేరు. అది జాతీయ కళాశాల.

కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు 1910లో నిలబెట్టిన విద్యాలయం అది. సర్కారు డబ్బు ముట్టకుండా చదువూ చేతిపనీ కలిపి నేర్పాలన్నది వాళ్ళ పట్టుదల. ఆ పాటికి వెంకయ్య గారు లాహోరు వెళ్ళి ఉర్దూ, జపనీస్ నేర్చుకున్నారు. మునగాల రాజా నాయని రంగారావు గారి దగ్గర ఉండి పత్తి మీద పరిశోధన చేశారు. 'పత్తి వెంకయ్య', 'జపాన్ వెంకయ్య' అని పేర్లు పడ్డాయి. 1911లో బందరు వచ్చి పిల్లలకు వ్యవసాయం, చరిత్ర చెప్పారు. వాటితో పాటు గుర్రపుస్వారీ, వ్యాయామం, సైనిక శిక్షణ కూడా. పరాయి రాజు కోసం నేర్చుకున్న విద్యను తెచ్చి సొంత ఊరి పిల్లల చేతిలో పెట్టాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇదే. జెండా దీని తర్వాతే.

1916లో దేశదేశాల జెండాలను వివరించి, మనకు తగిన నమూనాలు గీసి ఒక పుస్తకం అచ్చువేశారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. రాట్నం ఉండాలన్నది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ సూచన. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో ఒక నమూనా కావాలని గాంధీ అడిగితే, మూడు గంటల్లో తెచ్చి ఇచ్చారు వెంకయ్య గారు. కళాశాల సహచరుడు ఈరంకి వెంకటశాస్త్రి గారు ఆ పనిలో తోడున్నారని పెద్దలు చెబుతారు. అప్పటికీ కమిటీ ముందు పెట్టే వేళ దాటిపోయింది. ఆ ఆలస్యం మంచికే అయిందని గాంధీయే రాశాడు. ఆలోచించుకోవడానికి వ్యవధి దొరికి, హిందువులు, ముస్లింలు కాక మిగతా మతాలవారికి గుర్తుగా తెలుపు చేరింది. ఏప్రిల్ 13 నాటి 'యంగ్ ఇండియా'లో గాంధీ ఆయన్ని పరిచయం చేసింది బందరు జాతీయ కళాశాల మనిషిగానే.

ఆ తర్వాత నెల్లూరులో అభ్రకం మీద పరిశోధన, ఖనిజాల పని, 'వజ్రాల వెంకయ్య' అని మరో పేరు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రంతో మూడు రంగుల జెండాను ఆమోదించింది. ఆగస్టులో అది ఎగిరినప్పుడు లండన్‌లో ప్రధాని ఆ స్టెప్నీ మేయరే.

వెంకయ్య గారి చివరి రోజులు లేమిలో గడిచాయి. బెజవాడ చిట్టినగర్‌లో గుడిసె వేసుకుని ఉన్నారు. ఆ జాగా మిలిటరీలో చేసిన కొలువుకు ప్రభుత్వం ఇచ్చిందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. అంత చేసిన మనిషికి చివరికి ఆసరా అయింది కుర్రతనంలో చేసిన పటాలం నౌకరీ! ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. 1963 జూలై 4న కన్నుమూశారు. తపాలా బిళ్ళ 2009లో వచ్చింది.

బందరు పంతుళ్ళకు ఒక మనవి. ఆగస్టు 2న దండ వేసి, జెండా బొమ్మ చూపి ఊరుకోకండి. బళ్ళారి ప్లేగు పాకల గురించి చెప్పండి, పత్తి చేల గురించి చెప్పండి, కళాశాల మైదానంలో కుర్రాళ్ళకు ఆయన నేర్పిన స్వారీ గురించి చెప్పండి. ఆ రోజు మీ పేటలో ఉన్న మాజీ సైనికుణ్ణి ఒకణ్ణి బడికి పిలిచి, పిల్లలతో ఒక గంట గడపనివ్వండి.